నల్ల కారుకి ఆ లోతైన మెరుపు తిరిగి రావాలంటే కోటింగ్ ఒక్కటే చాలా?

నల్లగుర్రం
అందరికీ నమస్కారం. నాది నల్ల సెడాన్. మెటాలిక్ కాదు, సాలిడ్ బ్లాక్. కొని నాలుగేళ్ళు దాటింది. నీడలో ఉన్నప్పుడు ఏ లోటూ కనిపించదు. ఎండలో పెట్టి బానెట్ మీదికి వంగి చూస్తే మాత్రం సూర్యబింబం చుట్టూ వలయాలు వలయాలుగా సన్న గీతలు. కొత్తలో బానెట్‌లో మబ్బుల అంచులు కూడా తేటగా కనిపించేవి. ఇప్పుడు మబ్బు ఉందని తెలుస్తుంది, అంతే.

సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూస్తే గట్టి పొరలా ఆరే ద్రవం) బాటిల్ ఒకటి తెప్పించి పెట్టుకున్నాను. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, వేసేద్దామని ఆలోచన. వీడియోల్లో వేసీ వేయగానే కారు మెరిసిపోతోంది. నిజంగా అంత తేడా వస్తుందా? వేసినవాళ్ళు చెప్పండి.

కుర్రడ్రైవర్
కళ్ళు మూసుకుని వేసెయ్ బ్రో. బాటిల్ మీద గట్టిదనం 9హెచ్ అని ఉంటే ఇక గీతల టెన్షనే ఉండదు.

పాలిష్‌రాయుడు
కుర్రడ్రైవర్ మాట పక్కన పెట్టి, ఆ బాటిల్ మూత తీయకుండా అలాగే ఉంచండి. వీడియోలో మీరు చూసిన మెరుపు కోటింగ్ వేయకముందే అక్కడ తయారై ఉంది. దానికి పట్టిన గంటల పాలిష్ పని, అంటే పైపొరని గీతలు పోయేలా సన్నగా అరగదీయడం, కత్తిరించేసి చివరి రెండు నిమిషాలే చూపిస్తారు.

చదునైన ఉపరితలం మీద వెలుతురు ఏ కోణంలో పడుతుందో అదే కోణంలో తిరిగి వెళ్తుంది. అప్పుడే మబ్బు అంచు తేటగా కనిపిస్తుంది. సన్న గీత ఉన్నచోట దాని గోడలకి తగిలి వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది. నల్ల రంగు మీద ఆ చెదిరిన వెలుతురే బూడిద రంగు తెరలా కనిపిస్తుంది. మీ నలుపు వెలవలేదు, క్లియర్ కోట్ కింద భద్రంగానే ఉంది. పైనున్న పారదర్శకమైన పొర గీసుకుపోయింది.

ఇంకో సంగతి. ఆ గీతలు నిజానికి వలయాలుగా ఉండవు, అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా ఉంటాయి. దీపానికి అడ్డంగా ఉన్న గీతలే వెలుతురుని మన కంటికి పంపుతాయి కాబట్టి గుండ్రంగా పేర్చినట్టు అనిపిస్తుంది. తల పక్కకి జరిపితే వలయమూ జరుగుతుంది, చూడండి.

కోటింగ్ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). చాలావాటికి అంత కూడా ఉండదు. గీతల్ని పూడ్చదు, దాచదు. అలాగే వేసేస్తే పైన పటారం లోన లొటారం వ్యవహారమే. తర్వాత మనసు మారి పాలిష్ చేద్దామనుకుంటే ముందు ఆ గట్టి పొరని అరగదీయాల్సి వస్తుంది.

తెల్లబండి
మాది తెల్ల కారు. పాలిష్ గీలిష్ ఏమీ లేకుండా కోటింగ్ వేయించాను. మెరుపులో తేడా నాకైతే కనిపించలేదు. కాకపోతే కడగడం తేలికైంది, బురద పైపు నీళ్ళకే సగం పోతోంది. నేను మోసపోయినట్టా?

రసాయన్న
మోసం కాదు తెల్లబండి గారూ. కోటింగ్ అసలు పని మీరు చెప్పిన రెండోదే.

నేను రెజిన్ల తయారీ వైపు పని చేస్తాను కాబట్టి కాస్త కెమిస్ట్రీ చెబుతాను, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. ఈ బాటిళ్ళలో ఎక్కువగా ఉండేవి సిలేన్లు, సిలోక్సేన్లు, సిలజేన్లు, అన్నీ సిలికాన్ ఉన్న రసాయనాలే. ద్రావకం ఆవిరయ్యాక ఇవి గాలిలోని తేమతో చర్య జరిపి ఒకదానితో ఒకటి, కింద ఉన్న క్లియర్ కోట్‌తోనూ పెనవేసుకుని సన్నటి, గట్టి పొర అవుతాయి. అందుకే మూత సరిగ్గా పెట్టని బాటిల్ లోపలే గడ్డకట్టిపోతుంది. ఈ పొర నీటిని అంటనివ్వదు. నీటి బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం 90 డిగ్రీలు దాటితే దాన్ని నీటిని తోసేసే ఉపరితలం అంటాం. మంచి కోటింగ్ మీద అది 100 పైనే ఉంటుంది. నీళ్ళు పరుచుకోకుండా బొట్లుగా జారిపోతాయి, పోతూ పోతూ దుమ్ముని కూడా కొంత తీసుకుపోతాయి. షాంపూలు, సబ్బుల ఘాటుని తట్టుకోవడంలోనూ వ్యాక్స్ కంటే చాలా మెరుగు.

తెలుపు మీద తేడా ఎందుకు కనిపించలేదంటే, తెల్ల రంగు తానే వెలుతురుని అన్ని దిక్కులకీ చెదరగొడుతుంది. గీతల నుంచి చెదిరేది అందులో కలిసిపోతుంది. నలుపు తన దాకా వచ్చిన వెలుతురుని మింగేస్తుంది కాబట్టి కంటికి చేరేదంతా పైపొర నుంచే. మెరుపూ అక్కడే ఎక్కువ తెలుస్తుంది, లోపమూ అక్కడే.

నల్లగుర్రం
మరి వానలో తడిసినప్పుడు నా కారు కొత్తదానిలా ఉంటుందేం? ఆరగానే మళ్ళీ మామూలే.

రసాయన్న
భలే పట్టుకున్నారు. గాలి వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1, నీటిది 1.33, క్లియర్ కోట్‌ది సుమారు 1.5. గీతలో గాలి ఉంటే తేడా ఎక్కువ, వెలుతురు గట్టిగా చెదురుతుంది. నీళ్ళు నిండితే తేడా తగ్గిపోతుంది, చెదరడమూ తగ్గుతుంది. పైగా నీటి పొర తనే చదునైన ఉపరితలం. వాష్ చేయించినచోట "గ్లేజ్" అని పూసి పంపేది ఈ సూత్రం మీదే. నూనెలు గీతల్లో నిండుతాయి, కారు మెరుస్తుంది, నాలుగు వాష్‌లకి నూనె పోతుంది, గీతలు మళ్ళీ పలకరిస్తాయి.

కుర్రడ్రైవర్
అన్నా, నా 9హెచ్ మాటని ఎవరూ పట్టించుకోలేదు. వజ్రం 10 కదా. 9 అంటే దానికి ఒక్క మెట్టే తక్కువ. మరి గీతలు ఎలా పడతాయి?

రసాయన్న
తమ్ముడూ, ఆ 10 మోస్ స్కేలుది, ఖనిజాల కోసం. ఈ 9హెచ్ పెన్సిల్‌ది! బొమ్మలు గీసే పెన్సిళ్ళ మీద 2బి, హెచ్‌బి, 4హెచ్ అని ఉంటుంది చూడు, అదే. పద్ధతికి ఐఎస్ఓ 15184 అనే ప్రమాణం ఉంది. పెన్సిల్ ముల్లుని చదును చేసి, 45 డిగ్రీల కోణంలో పెట్టి, 750 గ్రాముల బరువుతో పూత మీద తోస్తారు. ఏ పెన్సిల్ దాకా గీత పడలేదో అదే ఆ పూత గట్టిదనం. 9హెచ్ పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటూ బంకమన్నే. దారి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక మోస్ స్కేలు మీద 7. ఆ ఇసుక ఉన్న గుడ్డతో రుద్దితే మైక్రాన్ మందం కోటింగ్ ఏం ఆపుతుంది?

కుర్రడ్రైవర్
ఓ. బాటిల్ మీద వజ్రం బొమ్మ ఉందన్నా మరి.

రసాయన్న
బొమ్మకి పరీక్ష లేదు తమ్ముడూ.

పెయింట్‌బూత్
నేను బాడీ షాప్‌లో పెయింటర్ని. పాలిష్ మొదలుపెట్టే ముందు నల్లగుర్రం గారు ఆలోచించాల్సినది ఒకటుంది.

ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం, అంటే ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. అందులో మీరు ముట్టుకోగలిగినది క్లియర్ కోటే, సుమారు 40 మైక్రాన్లు. ఎండలోని యూవీని అడ్డుకునే పదార్థాలు ఉండేది ఆ పొరలోనే. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, తిరిగి రాదు. సన్న పాలిష్‌తో పోయేది ఒకటి రెండు మైక్రాన్లు, కాంపౌండ్ అనే ఘాటైన గరుకు పేస్ట్‌తో అంతకంటే ఎక్కువ. ఏడాదికోసారి "రబ్బింగ్" చేయించేవాళ్ళ కార్లే కొన్నేళ్ళకి రూఫ్ మీద తెల్లగా పొలుసులు లేచి నా దగ్గరికి వస్తాయి.

పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే అన్ని ప్యానెళ్ళూ కొలవండి. ఇనుము మీద, అల్యూమినియం మీద పని చేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటర్ పని చేయదు. ఏదో ఒక డోర్ దగ్గర మాత్రం అంకె రెట్టింపు వచ్చిందంటే అది మళ్ళీ పెయింట్ పడ్డ డోర్. మందం ఎక్కువ ఉంది కదా అని ధైర్యం చేయొద్దు. అందులో క్లియర్ ఎంతో, పుట్టీ ఎంతో మీటర్ చెప్పదు.

అంచులూ, బాడీ లైన్లూ జాగ్రత్త. పెయింట్ అక్కడ పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. టేప్ వేసి పని చేయండి. తాజాగా పెయింట్ చేసిన ప్యానెల్ అయితే కోటింగ్‌కి తొందరపడొద్దు. లోపలి ద్రావకాలు బయటికి పోవడానికి కొన్ని వారాలు పడుతుంది, పెయింట్ కంపెనీ చెప్పిన గడువు దాటాకే వేయాలి.

నల్లగుర్రం
అర్థమైంది. బాటిల్ అల్మారాలోకి పోయింది. పాలిష్ మెషిన్ అద్దెకు తెస్తాను. రోటరీనా, డీఏ (డ్యూయల్ యాక్షన్) రకమా? ముందు ఏం చేయాలి?

పాలిష్‌రాయుడు
డీఏ. మారుమాట లేదు. రోటరీ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది, త్వరగా కోస్తుంది, వేడీ త్వరగా పుట్టిస్తుంది. చేయి తిరిగినవాడి చేతిలో అద్భుతం. లేకపోతే నలుపు మీద హోలోగ్రాములు వదులుతుంది, అంటే ఎండలో ప్యాడ్ నడిచిన దారి అంతా వంకరటింకర మెరుపుగా కనిపిస్తుంది. డీఏ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి చేరదు.

మెషిన్ ముట్టుకునే ముందు శుభ్రం. బాగా కడిగాక ఐరన్ రిమూవర్ చల్లండి. బ్రేక్ ప్యాడ్ల నుంచి వచ్చిన ఇనప రజను పెయింట్‌లో గుచ్చుకుని ఉంటుంది, మందు తగలగానే ఊదా రంగులో కారుతుంది. వాసన భరించలేం, గాలి ఆడేచోట చేయండి, ఆరిపోనివ్వకుండా కడిగేయండి. తారు మచ్చలకి తారు రిమూవర్. ఇంత చేసినా చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా రాస్తే గరగరమంటుంది. అప్పుడు క్లే బార్, అంటే అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. లూబ్రికెంట్ ధారాళంగా చల్లి, అస్సలు నొక్కకుండా జార్చండి. క్లే కింద పడితే మళ్ళీ వాడొద్దు, ఇసుక పట్టేస్తుంది. క్లే తనూ కొంత గీస్తుంది, పర్లేదు, ఎలాగూ పాలిష్ చేస్తాం కదా.

ఆ తర్వాత టెస్ట్ స్పాట్. బానెట్ మధ్యలో రెండడుగుల చదరం, చుట్టూ టేప్. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్, ఇవే ముందు. గీతలు పోతే ఇంక ఘాటుగా వెళ్ళే పనే లేదు. పోకపోతే ప్యాడ్ ఒక మెట్టు గట్టిది, అదీ చాలకపోతే కాంపౌండ్. ప్యానెల్ చల్లగా ఉండాలి, ఎండలో వద్దు. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగైదు, మెషిన్ ఆన్ చేయకముందే చదరం అంతా పూసేయండి, లేకపోతే మొహం మీద చిమ్ముతుంది. చేయి నెమ్మదిగా, సెకనుకి అంగుళం చొప్పున, ప్రతి వరసా ముందు వరసలో సగం మీదుగా పోవాలి. ఒకసారి అడ్డం, ఒకసారి నిలువు.

చిన్న కిటుకు. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ని పట్టుకునే పళ్ళెం) అంచున మార్కర్‌తో ఒక గీత పెట్టండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, లేదా ప్యాడ్ వాలిపోయింది. ఊరికే వణుకుతున్న ప్యాడ్ ఏమీ కోయదు.

గీతవదలను
కాంపౌండ్‌తోనే మొదలుపెట్టండి. నాలుగేళ్ళ గీతలు సన్న పాలిష్‌కి లొంగవు. ఆరంజ్ పీల్ కూడా ఉంటే 3000 నంబరు శాండ్ పేపర్‌తో వెట్ శాండింగ్ (తడిపి రుద్దడం) చేసి తర్వాత పాలిష్. నలుపులో అసలైన లోతు అప్పుడే.

పెయింట్‌బూత్
గీతవదలను గారూ, ఫ్యాక్టరీ క్లియర్ మీద, మీటర్ లేకుండా, మొదటిసారి మెషిన్ పట్టినవాళ్ళకి వెట్ శాండింగ్ చెప్పకండి. ఆరంజ్ పీల్, అంటే పెయింట్ మీద ఉండే ఆ సన్నటి గతుకులు, తీస్తే ప్రతిబింబం ఇంకా నిటారుగా నిలబడుతుంది. ఒప్పుకుంటాను. షో కార్లకి మేం అదే చేస్తాం. కానీ వాటికి ఆ ఉద్దేశంతోనే క్లియర్ అదనపు కోట్లు వేసి ఉంచుతాం. రోజూ ఎండలో నిలబడే కారుకి ఆ మైక్రాన్లే గొడుగు.

గీతవదలను
మీ భయం మీది. నా కారు ఇప్పటికీ బాగానే ఉంది.

వ్యాక్స్‌ప్రియ
ఈ కోటింగుల గోలలో కార్నూబాని అందరూ మరిచిపోయారు. బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసే మైనం అది. సహజ మైనాల్లో గట్టివాటిలో ఒకటి, కరగాలంటే 80 డిగ్రీల పైన వేడి కావాలి. మంచి పేస్ట్ వ్యాక్స్‌ని నల్ల కారు మీద చేత్తో పూసి తుడిచి చూడండి. సిరామిక్‌ది చల్లటి, పదునైన మెరుపు. వ్యాక్స్‌ది వెచ్చటి, కాస్త తడితడిగా ఉండే మెరుపు. కొన్ని వారాల్లో పోతుంది, నిజమే. మళ్ళీ పూస్తాను. నాకు అదో సరదా.

తెల్లబండి
వ్యాక్స్‌ప్రియ గారూ, పక్కపక్కన రెండు ప్యానెళ్ళు పెట్టి ఏది వ్యాక్సో, ఏది సిరామికో చెప్పమంటే చెప్పగలరా?

వ్యాక్స్‌ప్రియ
చెబుతాననే అనుకుంటా! సరే, పూర్తిగా పాలిష్ చేసిన ప్యానెళ్ళ మీద తేడా చాలా తక్కువ. కొన్ని గీతలు మిగిలి ఉన్నచోట వ్యాక్స్ వాటిలో నిండి కాస్త దాస్తుంది, అక్కడ తేడా తెలుస్తుంది.

నల్లగుర్రం
వ్యాక్స్ పూసి దాని మీద సిరామిక్ వేస్తే రెండూ కలిసిరావా?

రసాయన్న
రావు. కోటింగ్ క్లియర్ కోట్‌ని పట్టుకోవాలి. మధ్యలో మైనం ఉంటే మైనాన్నే పట్టుకుంటుంది, మైనంతో పాటే ఊడిపోతుంది. కోటింగ్ పూర్తిగా గట్టిపడ్డాక దాని మీద వ్యాక్స్ పూయొచ్చు, నష్టం లేదు. కానీ అప్పుడు నీళ్ళు జారేది వ్యాక్స్ గుణాన్ని బట్టి, దుమ్ము పట్టేదీ వ్యాక్స్‌కే.

నల్లగుర్రం
టెస్ట్ స్పాట్ చేశాను. ఫోటో సరిగ్గా రావట్లేదు, మాటల్లోనే చెబుతాను. సన్న పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో గీతలు సగానికి పైగా పోయాయి. ప్యాడ్ మాత్రం ఒక మెట్టు గట్టిది మార్చి అదే పాలిష్‌తో చేస్తే దాదాపు అన్నీ పోయాయి. టేప్ తీసి టార్చి వేసి చూశాను. టేపుకి ఇవతల దీపం చుట్టూ బూడిద రంగు జుట్టు విరబోసినట్టు గీతలు. అవతల దీపం ఒక్కటే, చుట్టూ నలుపు. గ్యారేజీ తలుపు మీది స్క్రూలు కూడా బానెట్‌లో లెక్కపెట్టేలా ఉన్నాయి. ఇంకా కోటింగ్ చుక్క కూడా పడలేదు!

రెండు మూడు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. గోరు పెడితే తగులుతున్నాయి.

పాలిష్‌రాయుడు
గోరుకి తగిలే గీత పాలిష్‌తో పోదు. దాన్ని పూర్తిగా తీయాలంటే గీత అడుగుదాకా చుట్టుపక్కల క్లియర్ అంతా దించాలి. వదిలేయండి. అంచులు గుండ్రబడ్డాయి కాబట్టి ఇప్పటికే తక్కువగా కనిపిస్తుంది.

ఆ చదరాన్ని ఇప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి గానీ, ప్యానెల్ వైప్ అనే నూనె తీసే ద్రవంతో గానీ తుడిచి మళ్ళీ టార్చి వేయండి. పాలిష్‌లో నూనెలుంటాయి. అవి గీతల్ని దాస్తూ ఉంటే మీరు చూస్తున్నది మెరుపు కాదు, నూనె.

గీతవదలను
గోరు గీతని కూడా 3000 పేపర్‌తో చుట్టూ...

పెయింట్‌బూత్
వద్దు.

నల్లగుర్రం
తుడిచి చూశాను. ఒకటి రెండు సన్నవి బయటపడ్డాయి, మిగతాదంతా నిలబడింది. ఈ పద్ధతిలోనే కారంతా చేస్తాను.

కొత్తకారు
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. షోరూం నుంచి నిన్ననే తెచ్చుకున్న కారు నాది. నాకు పాలిష్ అక్కర్లేదు కదా? నేరుగా కోటింగ్ వేసుకోవచ్చా?

పాలిష్‌రాయుడు
కొత్తదైనా టార్చి వేసి చూడాల్సిందే. డెలివరీకి ముందు హడావిడిగా ఒకే గుడ్డతో అన్ని కార్లూ తుడిచేచోట కొత్త కారుకే గీతలుంటాయి. యార్డులో నిలబడ్డన్నాళ్ళూ ఇనప రజను పడుతుంది. చాలావరకూ సన్న పాలిష్ ఒక్కటి సరిపోతుంది. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింట్) అయితే మాత్రం పాలిష్ మాటే ఎత్తకండి. రుద్దినచోట మెరుపు మచ్చ పడితే మళ్ళీ పెయింటే దారి. మ్యాట్‌కి వేరే కోటింగులు ఉన్నాయి.

కొత్తకారు
హైవే మీద ఎక్కువ తిరుగుతాను. రాళ్ళు తగులుతాయి. దానికి కూడా సిరామిక్ ఉపయోగపడుతుందా?

పెయింట్‌బూత్
పడదు. రాయిని ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్). అది పాలీయురెథేన్ ఫిల్మ్, 150 నుంచి 200 మైక్రాన్ల మందం, రంగు మొత్తం కలిపిన దానికంటే ఎక్కువ. దెబ్బని పీల్చుకుంటుంది, పైన పడ్డ సన్న గీతలు వేడికి వాటంతటవే సర్దుకుంటాయి. బానెట్ ముందు భాగం, బంపర్, సైడ్ మిర్రర్ల డిప్పలకి ఫిల్మ్ వేయించి, మిగతా బాడీకి కోటింగ్ వేసేవాళ్ళు చాలామంది.

నల్లగుర్రం
పాలిష్ పని పూర్తయింది. భుజాలు లేవడం లేదు. కోటింగ్ ఎలా వేయాలో బాటిల్ మీద చదివాను. "ఫ్లాష్ అయ్యాక తుడవాలి" అని ఉంది. అయిందని ఎలా తెలుస్తుంది?

పాలిష్‌రాయుడు
కంటికి తెలుస్తుంది. దీపం పక్క నుంచి పడేలా పెట్టుకోండి. స్వేడ్ లాంటి మెత్తటి గుడ్డ చుట్టిన అప్లికేటర్ మీద కొన్ని చుక్కలు, బానెట్‌లో నాలుగో వంతు మాత్రమే ఒకసారికి. అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, ఖాళీ లేకుండా. పూయగానే తడిగా నున్నగా ఉంటుంది. కాసేపటికి ద్రావకం పోతూ రంగులు తిరుగుతాయి, పెట్రోలు నీటి మీద తేలినప్పటి రంగులే. ఆ తర్వాత అక్కడక్కడా నూనె చెమటలు పట్టినట్టు అవుతుంది. అదే సమయం. పొట్టి పోగుల మైక్రోఫైబర్‌తో మెల్లగా తుడిచి, రెండో శుభ్రమైన గుడ్డతో ఇంకోసారి. ఎంతసేపు అనేది వేడిని బట్టి, తేమని బట్టి, బ్రాండ్‌ని బట్టి మారుతుంది. వేడిగా ఉంటే చాలా త్వరగా అయిపోతుంది, అప్పుడు ఇంకా చిన్న భాగం తీసుకోండి.

తుడిచాక కూచుని ఒకసారి, నుంచుని ఒకసారి, రెండు కోణాల్లో చూడండి. నైట్రైల్ గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి, ఆవిరిపోయే ద్రావకాలవి.

వ్యాక్స్‌ప్రియ
గుడ్డలు ఉతికి మళ్ళీ వాడకండి. కోటింగ్ ఆ పోగుల్లోనే గట్టిపడుతుంది. తర్వాత దానితో తుడిస్తే కొత్త గీతలే.

తెల్లబండి
ఆ రంగుల మాట వింటే గుర్తొచ్చింది. నా డిక్కీ మీద అరచేయంత మేర మబ్బు పట్టినట్టు ఉంది. ఎండలో ఇంద్రధనుస్సు రంగులు. పని చేసినవాళ్ళని అడిగితే "పెయింటే అంత" అన్నారు. ఎంత కడిగినా పోవడం లేదు.

పాలిష్‌రాయుడు
పెయింటు కాదు. దాన్ని హై స్పాట్ అంటారు, అక్కడ కోటింగ్ ఎక్కువ పడి తుడవకుండా ఆరిపోయింది. అప్పటికప్పుడు చూసుకుంటే అదే కోటింగ్ ఒక చుక్క పైన పూసి, మెత్తబడగానే తుడిస్తే పోయేది. ఇప్పుడు గట్టిపడింది కాబట్టి అంతమేర సన్నగా పాలిష్ చేసి మళ్ళీ కోటింగ్ వేయాలి. కడిగితే పోదు, కాబట్టి గట్టిగా రుద్ది కడగకండి.

కుర్రడ్రైవర్
గ్రాఫీన్ కోటింగ్ అయితే ఇవేమీ ఉండవంటున్నారు అన్నా.

రసాయన్న
గ్రాఫీన్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇదే సిలికా రకం రెజినే, అందులో కొద్దిగా గ్రాఫీన్ ఆక్సైడ్ అనే కార్బన్ పదార్థం. తుడవకుండా వదిలేస్తే దానికీ హై స్పాట్ పడుతుంది. పేరు చూసి కొనొద్దు తమ్ముడూ, వేయడం ఎంత తేలికో చూసి కొను.

నల్లగుర్రం
ఈ సాయంత్రం వేసేశాను. రూఫ్ మీద ఒకచోట రంగులు కనిపిస్తే వెంటనే ఇంకో చుక్కతో సరిచేశాను. కారు ఇప్పుడు చెరువులా ఉంది అని రాద్దామనుకున్నా, కానీ నిజం చెప్పాలంటే పాలిష్ అయిన రోజుకీ ఈ రోజుకీ మెరుపులో పెద్ద తేడా లేదు. కాస్త పదును పెరిగినట్టుంది. చేయి మాత్రం జర్రున జారుతోంది.

ఇక కడగడం సంగతి చెప్పండి. ఇన్నాళ్ళూ బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కే పోయేవాణ్ణి.

పాలిష్‌రాయుడు
మీ గీతలు పుట్టింది అక్కడే. మీకంటే ముందు వచ్చిన కారు మురికి ఆ బ్రష్‌లో ఉంటుంది, అదే మీ కారుకి రుద్దుతుంది.

మొదటి వారం అసలు కడగొద్దు. మొదటి 24 గంటలు నీళ్ళే తగలకుండా చూడండి. తర్వాత ముందుగా ఒట్టి నీళ్ళతో దుమ్మంతా పోనివ్వండి. చేయి పెట్టకముందే ఎంత పోతే అంత లాభం. రెండు బకెట్లు, ఒకదాంట్లో న్యూట్రల్ పీహెచ్ షాంపూ, ఇంకోదాంట్లో ఒట్టి నీళ్ళు. మిట్‌ని (కడిగే చేతి తొడుగుని) ప్యానెల్ ప్యానెల్‌కీ ఒట్టి నీళ్ళలో జాడించాకే షాంపూలో ముంచాలి. పై నుంచి కిందికి రండి. డోర్ల కింది భాగం చివరికి, ఇసుకంతా అక్కడే ఉంటుంది. చక్రాలకి వేరే గుడ్డ, వేరే బకెట్.

ఆరబెట్టేటప్పుడు రుద్దడం ఉండదు. పెద్ద టవల్ పరిచి, ఒక అంచు పట్టుకుని మెల్లగా లాగండి. బ్లోయర్ ఉంటే ఇంకా మంచిది. పొడి దుమ్ము మీద పొడి గుడ్డ అనే అలవాటు ఉంటే మాత్రం మీరు పడ్డ శ్రమంతా కొన్ని రోజుల్లోనే మాయం.

రసాయన్న
ఆరబెట్టడం బద్ధకిస్తే కోటింగ్ మీదే ఎక్కువ మచ్చలు పడతాయి, ఇది చాలామంది ఊహించరు. నీళ్ళు బొట్లుగా నిలబడతాయి కదా. నీరు ఆవిరయ్యాక అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆ చిన్న వృత్తంలోనే పేరుకుంటాయి. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే ఖాయం. తాజా మచ్చలు వాటర్ స్పాట్ రిమూవర్‌కి పోతాయి, అది సున్నిత ఆమ్లం, సున్నపు లవణాన్ని కరిగిస్తుంది. పాతబడితే కోటింగ్‌నీ, కొన్నిసార్లు క్లియర్‌నీ తినేస్తాయి. అప్పుడు మళ్ళీ పాలిషే.

పక్షి రెట్ట కూడా అంతే. కోటింగ్ ఉంది కదా అని వదలకండి, కొంచెం టైమ్ ఇస్తుందంతే. తడి గుడ్డ కాసేపు దాని మీద పరిచి మెత్తబడ్డాక ఎత్తేయండి, గోకొద్దు.

నల్లగుర్రం
అర్జెంట్. రాత్రి కారు బయటే ఉంది, మంచు పడినట్టుంది. పొద్దున్నే చూస్తే బానెట్ నిండా బొట్లు. 24 గంటలు ఇంకా కాలేదు. కోటింగ్ పోయినట్టేనా?

పాలిష్‌రాయుడు
పోదు. ఎండ పడి ఆరిపోకముందే మెత్తటి మైక్రోఫైబర్‌తో అద్దండి, రుద్దకండి. మంచు నీళ్ళలో లవణాలు తక్కువ, భయపడేంత లేదు. ఈ రాత్రికి మాత్రం లోపల పెట్టండి.

నల్లగుర్రం
అద్దేశాను. మచ్చ ఒక్కటి కూడా లేదు. అందరికీ థ్యాంక్స్. గోరు గీతలు అలాగే ఉన్నాయి, వాటిని ఎక్కడ వెతకాలో నాకు మాత్రమే తెలుసు. డోర్ల కింద నల్ల ప్లాస్టిక్ పట్టీలు తెల్లబడి ఉన్నాయి. మిగిలిన కోటింగ్ వాటికి వేసేయనా?

రసాయన్న
వేయొచ్చు, బాటిల్ మీద ప్లాస్టిక్‌కి పనికొస్తుందని ఉంటేనే. గరుకుగా ఉండే ప్లాస్టిక్ ఎక్కువ పీల్చుకుంటుంది, వెంటనే తుడవకపోతే చారలు పడతాయి. ముందు కనిపించని మూల ఒకటి చూసుకోండి. మూత తీసిన బాటిల్ కాబట్టి ఎక్కువ రోజులు ఆగొద్దు.

గీతవదలను
ఆ గోరు గీతల ఫోటో ఒకసారి పెట్టండి, చూద్దాం.

పెయింట్‌బూత్
పెట్టకండి నల్లగుర్రం గారూ, పేపర్ పట్టుకుని వచ్చేస్తాడు.